కుంచం ఎవరి చేతిలో ఉంది?

చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు, కరక్కాయలు, కొండచీపుళ్లు, తపసి బంక, తేనె. ప్రభుత్వ కాగితాల్లో వీటి పేరు చిన్నతరహా అటవీ ఉత్పత్తులు. మన ఇళ్లలో మాత్రం వీటిని ఎవరూ చిన్నగా చూడలేదు. ఇంట్లో చోళ్లు, సామలు అడుగంటే వేసవిలోనే చింత, ఇప్ప చేతికొస్తాయి. ఉప్పు, బట్ట, నూనె, మన చదువుల ఖర్చు చాలావరకు వీటి మీదే గడిచాయి. ఇంత ఇచ్చే అడవి పక్కనే ఉండి మన తాతలు అప్పుల్లో ఎందుకు బతికారు? జవాబు కోసం సంతకు వెళ్లాలి, షావుకారు కుంచం చూడాలి.

మైదానం నుంచి వచ్చిన వ్యాపారి ఉప్పు, బట్టలు ముందే అప్పుగా ఇచ్చేవాడు. సరుకు చేతికొచ్చాక తనకే అమ్మాలి, తాను చెప్పిన ధరకే ఇవ్వాలి. కొలతా అతనిదే, లెక్కా అతనిదే. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేవడానికి కల్లు మీద పన్నుతో పాటు ఈ దోపిడీ కూడా కారణం. ఐదు రూపాయల అప్పుకు నూరు రూపాయల సొత్తు పట్టుకుపోయారన్న ఫిర్యాదు ఆనాటి ప్రభుత్వ రికార్డుల్లోకే ఎక్కింది.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తరతరాలుగా తిరిగిన అడవిలోనే ఆంక్షలు మొదలయ్యాయి. 1917లో ఏజెన్సీ చట్టం వడ్డీకి, భూముల బదిలీకి కళ్లెం వేసింది. అయినా అడవి మీద ఆంక్షలు, పోడుపై నిషేధం తగ్గలేదు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు నడవడానికి ఆ కడుపుమంట ఒక కారణం.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అని పిలిచేది, ఏర్పడింది. 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ సరుకు కొనే హక్కు దానికే దక్కింది. ముందే ప్రకటించిన ధర, డిపోలో తూకం మనకు కొంత రక్షణ ఇచ్చాయి. అయితే ధర చెప్పేది అప్పటికీ కొనేవాళ్లే.

1996 పెసా చట్టం ఈ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామసభ వైపు తిప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది: ఏరుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. వెదురు కూడా అందులో ఉంది. 2013-14 నుంచి కేంద్రం మద్దతు ధర పథకం కూడా తెచ్చింది.

హక్కు ఉన్నా నేర్పు లేకపోతే సగం విలువ చేజారుతుంది. తపసి బంకే చూడండి. గొడ్డలితో లోతుగా నరికితే బంక మట్టి, బెరడుతో కలిసి నల్లబడుతుంది, చెట్టూ చస్తుంది. చిన్న గాటు పెట్టి, శుభ్రంగా సేకరించి, రంగును బట్టి వేరు చేస్తే మొదటి రకం ధర వస్తుంది, చెట్టూ బతుకుతుంది. చింతపండు కూడా అంతే. గింజ తీసి అమ్మితే ధర వేరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన తాతలకు అక్షరం లేక మోసపోయారు. మనకు అక్షరం ఉంది, చట్టం ఉంది, చేతిలో ఫోను ఉంది. ఈసారి అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు బయలుదేరితే మనమూ వెంట వెళ్దాం. మద్దతు ధర ఎంతో ముందే చూసుకుందాం, కాటా దగ్గర నిలబడదాం, తూకం మనమే రాసుకుందాం. ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపిద్దాం.