సంఘ పట్టికలో పేరు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చరిత్ర రచనకు ఒక ఆధారం

ఇంగ్లండులోని ఆంగ్లికన్ సంఘం 1919 చట్టం తరువాత స్థానిక సంఘాలలో ఓటర్ల పట్టికలను ఏర్పరచింది. బాప్తిస్మం పొంది, అందులో పేరు నమోదైనవారికే సంఘ పాలక మండలిని ఎన్నుకొనే హక్కు లభించింది.

కృష్ణకు ఎడమ గట్టున మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషనరీల కృషి 1841లో మొదలైంది. కుడి గట్టున మాత్రం 1842లో హయ్యర్ గుంటూరు చేరడంతో లూథరన్లు, అనంతరం అమెరికన్ బాప్టిస్టులు విస్తరించారు. తెనాలి, రేపల్లెలలో లూథరన్లు, బాపట్లలో బాప్టిస్టులు నిలదొక్కుకొన్నారు. 1947లో ఆంగ్లికన్లు దక్షిణ ఇండియా సంఘంలో విలీనమైనా, ఆంధ్ర లూథరన్ సంఘం విడిగానే ఉండిపోయింది. కనుక ఇక్కడ సభ్యత్వ పట్టికలను ఆంగ్లికన్ నమూనాతో చదవడం సరికాదు. లూథరన్లలో శిశువుకే బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులలో విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకొన్నవారికే ముంపు బాప్తిస్మం. ఒకే వయస్సు వారు ఒక పట్టికలో కనిపించి, మరొక దానిలో కనిపించకపోవచ్చు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. దానితో దళిత క్రైస్తవులకు సంఘంలో గౌరవాన్నిచ్చిన నమోదే రిజర్వేషన్‌కు అడ్డు కాగల సాక్ష్యమైంది. గుంటూరు వైద్య కళాశాల వ్యాజ్యంలో 1976లో సుప్రీంకోర్టు, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవారైనా హిందూమతం స్వీకరించి, కులస్థుల ఆమోదం పొందితే ఆ హోదాకు అర్హులేనని నిర్ణయించింది.

అందువల్ల పట్టికలో పేరు లేకపోవడాన్ని విశ్వాసం లేకపోవడంగా పరిశోధకులు భావించరాదు. ఆ ఖాళీ వెనుక చదువు, ఉద్యోగం, భయం ఉండి ఉండవచ్చు.