పెరటిలో తుంగ

గడ్డిపోచకు చరిత్ర యేమున్నదని శ్రోతలలో కొందరు నవ్వవచ్చును. ఓరుగల్లు పాతపేటలలో ఒకటియైన మట్టెవాడలో, ఒక మిత్రుని యింట, మేమును అట్లే నవ్వితిమి. బావిగట్టున, పాత తొట్టిలో, వారి తల్లిగారు తుంగను పెంచుచున్నారు.

"కలుపును కోరి పెంచుచున్నారేమి, పెద్దమ్మగారూ?" అని యడిగితిమి. ఆమె ఒక దుంపను పెరికి, కడిగి, నలిపి మా చేతిలో పెట్టిరి. "చిన్ననాడు మీ అమ్మ సున్నిపిండిలో కలిపినది ఇదే, నాయనా" అనిరి. ఆ పరిమళముతో మా బాల్యమే తిరిగివచ్చినట్లయినది.

తుంగ గడ్డివలె కన్పట్టునే గాని గడ్డి కాదు. దాని కాడ మూడు పలకలుగా నుండును. వేళ్లకు గొలుసువలె పెరుగు నల్లని దుంపలే తుంగముస్తలు. చరకసంహిత వీనిని జీర్ణశక్తిని పెంచు ద్రవ్యములలో శ్రేష్ఠమని చెప్పినది. జ్వరపీడితుల దప్పికకు ముస్తలు, పర్పాటకము, వట్టివేరు, చందనము, కురువేరు, శొంఠి వేసి కాచిన నీటిని వైద్యు లిచ్చెడివారు. అడవిపందులు మడుగులలో ముస్తలను పెకలించుట కాళిదాసు శాకుంతలమున గలదు. ఆ వరాహమే కాకతీయుల రాజలాంఛన మగుట ఓరుగల్లువారికి ముచ్చటైన విషయము. గణపతిదేవుని కాలమున (1199–1262) ఈ సీమలో పాకాల, రామప్ప వంటి చెరువులు వెలసినవి. చెరువున్నచోట తడినేల యుండును. తడినేల యున్నచోట తుంగకు కొరత యుండదు.

అయినను రైతునకు తుంగపై గల కోపము న్యాయమైనదే. కాడను పెరికినను దుంప నేలలో మిగిలి మరల మొలచును. 1977లో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథమున శాస్త్రజ్ఞులు దీనిని ప్రపంచపు కలుపుమొక్కలలో అగ్రస్థానమున నిలిపిరి. కావున పెంచదలచువారు దీనిని నేలలో నాటరాదు. అడుగు గట్టిగానున్న తొట్టిలో, ఇసుక కలిసిన మట్టిలో, ఎండ తగులుచోట నాటి, తడి యారకుండ చూడవలెను. ఆకులు పండినపిమ్మట దుంపలను త్రవ్వి, పీచు తీసి, ఎండబెట్టవలెను. తొట్టిలోని మట్టిని పొలమునగాని తోటలోగాని పారబోయరాదు.

నేడు అంగడిలో ముస్తలను కొనువారు మొక్కను గుర్తింపలేరు. మొక్కను పెరికివేయువారు ముస్తల నెరుగరు. ఈ రెంటిని కలిపి యెరిగిన పెద్దలు ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు. తుంగ నశించునను భయము మాకు లేదు. దానిని గూర్చిన యెరుకయే నశించునేమో యని మా చింత.

సెలవు తీసుకొనునపుడు పెద్దమ్మగారు రెండు దుంపలను తడిగుడ్డలో చుట్టి యిచ్చిరి. అవి యిపుడు మా యింటి తొట్టిలో మొలకెత్తినవి.