గోడలపై పచ్చని విషము

ఇంటి అలంకరణకు వాడు వస్తువును ఎన్నుకొనునప్పుడు దాని అందమును, మన్నికను, వెలను విచారించుట మనకు పరిపాటి. అది గాలికిని, నేలకును, ప్రాణులకును చేయు కీడెంత అను ప్రశ్న ఆలస్యముగా పుట్టినది. ఆ ప్రశ్నను ముందుకు తెచ్చిన వానిలో పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాలోని గోడకాగితము ఒకటి.

ఆ దేశములలో పూలు, లతలు అచ్చువేసిన కాగితములను పిండిజిగురుతో గోడలకు అంటించెడివారు. 1775లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే రాగి, ఆర్సెనిక్ గల ఒక ఆకుపచ్చ రంగును తయారుచేసెను. మనవారు శంఖపాషాణమని పిలుచు విషము ఈ ఆర్సెనిక్ సమ్మేళనమే. 1814లో జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ పట్టణమున ఇంతకంటె మెరుగైన ఆర్సెనిక్ ఆకుపచ్చ తయారయ్యెను. 1836లో బ్రిటన్ గోడకాగితముపై సుంకము తొలగించుటతో ఈ రంగు సామాన్యుల ఇండ్లలోనికిని ప్రవేశించెను.

1839లో జర్మన్ రసాయనవేత్త లియోపోల్డ్ గ్మేలిన్ ఒక వార్తాపత్రికలో హెచ్చరిక ప్రకటించెను. ఇట్టి కాగితములున్న చెమ్మగదులలో ఎలుకకంపు వంటి వాసన వచ్చుచున్నదనియు, వానిని ఊడబెరుకుట మేలనియు ఆయన చెప్పెను. 1862లో లండనులోని లైమ్‌హౌస్ ప్రాంతమున ఒకే కుటుంబపు పిల్లలు వరుసగా మరణింపగా, వైద్యుని అనుమానము గదిలోని ఆకుపచ్చ కాగితముపై పడెను. 1874లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున రాబర్ట్ కెడ్జీ అను ఆచార్యుడు అసలు విషపు కాగితములనే పుస్తకముగా కుట్టించి, 100 ప్రతులు గ్రంథాలయములకు పంపెను.

కాగితములో ఆర్సెనిక్ ఉన్నదని పరీక్షించి చూపుట కష్టము కాదు. గోడకు అంటియున్న విషము మనిషిలోనికి ఎట్లు పోవును? ఈ ప్రశ్నకు జవాబు దొరకనందున చాలమంది ఆ భయమునే కొట్టివేసిరి. ప్రసిద్ధ చిత్రకల్పకుడు విలియం మారిస్ 1885లో వ్రాసిన లేఖలో వైద్యుల మాటను తేలికచేసెను. ఆర్సెనిక్‌ను విరివిగా ఉత్పత్తి చేసిన డెవన్ గ్రేట్ కన్సోల్స్ గని కంపెనీకి ఆయన 1871 నుండి 1875 వరకు డైరెక్టరు. ఆయన తొలి కాగితములలో ఒకదానియందు ఆర్సెనిక్ ఉన్నట్లు 2003లో రుజువైనది.

జవాబు ఇటలీ నుండి వచ్చెను. ఆర్సెనిక్ కలిసిన పదార్థముపై పెరిగిన బూజు వెల్లుల్లి వాసనగల వాయువును విడుచునని 1890 దశకమున బార్టొలొమియో గోసియో చూపెను. చెమ్మ, పిండిజిగురు, బూజు, మూడును గోడపైననే ఉండెను గదా! ఆ వాయువు ట్రైమిథైల్ ఆర్సీన్ అని 1930 దశకమున ఇంగ్లండులోని లీడ్స్‌లో ఫ్రెడరిక్ ఛాలెంజర్ నిర్ణయించెను. కాని ఆ వాయువు అనుకొన్నంత విషపూరితము కాదనియు, దానికి ఆ అపఖ్యాతి తగదనియు 2005లో ఇరువురు రసాయనవేత్తలు వాదించిరి. అట్లయినచో కాగితమునుండి రాలిన రంగుధూళిని మరువరాదు.

మార్గమునుగూర్చి వివాదమున్నను గ్మేలిన్ సలహా తప్పు కాలేదు. బ్రిటన్‌లో నిషేధపు చట్టము రాకపోయినను, కొనువారి భయము వలననే ఆర్సెనిక్ లేని కాగితములు బజారున నిలిచెను. అయితే అందరి దృష్టియు గదిపైననే ఉండెను. ఆ కాగితములు చాలవరకు గోడలనుండి ఎన్నడో తొలగిపోయినవి. డెవన్ గనుల నేలలో మాత్రము ఆర్సెనిక్ నేటికిని మిగిలియున్నది.

ఒక వస్తువు గనిలో పుట్టినది మొదలు చెత్తలో కలియువరకు చేయు కీడును లెక్కకట్టు పద్ధతికి 1997లో అంతర్జాతీయ ప్రమాణము ఏర్పడినది. ప్లైవుడ్ జిగురులనుండి వెలువడు ఫార్మాల్డిహైడ్ కాన్సర్ కారకమని 2004లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ నిర్ణయించినది. నేడు మన ఇండ్లలోను ప్లైవుడ్ బీరువాలు ఉన్నవి. కనుక వస్తువు ఎక్కడనుండి వచ్చినది, ఇంటిలో చెమ్మకు, వేడికి ఏమగును, పారవేసిన పిమ్మట ఎక్కడ చేరును అను మూడు ప్రశ్నలను కొనుటకు ముందే వేసికొనుట మంచిది.