చందా అడిగే ముఖం

వినాయక చవితికి పది పదిహేను రోజుల ముందు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీలోనైనా చందా రశీదు పుస్తకం గేటు తట్టకుండా పోదు. ఇంటివాళ్ళు ముందుగా చూసేది ఆ పుస్తకం పట్టుకొచ్చిన మనిషిని. తెలిసిన కుర్రాడైతే ఐదొందల పదహార్లు, ముఖం ఎరగనివాడైతే నూటపదహార్లు. కమిటీ పేరేమిటో, లెక్కలు ఎవరు రాస్తారో తర్వాతి సంగతి. అలా నలభై ఏళ్ళకు పైగా ఒక్క మనిషే వచ్చి అడుగుతుంటే, ఓ ఏడాది కమిటీవాళ్ళు "ఇక నువ్వు రానక్కర్లేదు" అంటే ఏమవుతుంది? అమెరికాలో అచ్చంగా అదే జరిగింది. అదీ దేశమంతా చూసే టీవీ కార్యక్రమంలో.

పేరున్నవాళ్ళు చేయి చాచడం మనకు కొత్తేం కాదు. 1950ల మొదట్లో రాయలసీమ కరువు కోసం జోలె పట్టిన ఎన్టీఆర్, 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మళ్ళీ జనంలోకి వచ్చారు. అక్కినేని కూడా. పదివేల మందికి పైగా పోయిన విపత్తు అది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఆ ఏడాది అక్టోబరులోనే మొదలైంది, టీవీ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అందుకే హీరోలే ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. జనం హీరోను చూడటానికి వచ్చారు, చూసి ఊరికే పోలేక జేబులో చెయ్యి పెట్టారు.

ఆ తిరుగుడును స్టూడియోలోకి తెచ్చిన ప్రక్రియే టెలిథాన్. మన దివిసీమ నాటికి దానికి ఇరవై ఎనిమిదేళ్ళ వయసు. 1949 ఏప్రిల్‌లో మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు క్యాన్సర్ పరిశోధన నిధి కోసం ఎన్‌బీసీలో పదహారు గంటలు ఏకబిగిన కార్యక్రమం నడిపి దాదాపు 11 లక్షల డాలర్లు రాబట్టాడు. టెలివిజన్‌కు మారథాన్ తోక తగిలి పేరు ఏర్పడింది.

దీని కిటుకంతా అలసటలో ఉంది. ఒక పక్క ఫోన్లు ఎత్తేవాళ్ళ వరస, మరో పక్క విరాళాల మొత్తం చూపించే పెద్ద బోర్డు. తెల్లారేసరికి వ్యాఖ్యాత గొంతు బొంగురుపోతుంది, టై వదులవుతుంది, కళ్ళు పీక్కుపోతాయి. తనకోసం కాకుండా ఎవరికోసమో ఇంత కష్టపడుతున్నాడే అని చూసేవాళ్ళకు అనిపిస్తే చాలు, ఫోను మోగుతుంది. ముందే రికార్డు చేసిన గంట కార్యక్రమానికి ఆ శక్తి రాదు.

ఈ కిటుకును చివరంటా పిండినవాడు జెర్రీ లూయిస్. డీన్ మార్టిన్‌తో జంటగా 1950ల్లో అమెరికాను నవ్వించిన ఈ నటుడు, కండరాలు క్షీణించే జబ్బులపై పనిచేసే మస్కులర్ డిస్ట్రఫీ అసోసియేషన్‌కు (ఎండీఏ) ఆ రోజుల నుంచే అండగా ఉన్నాడు. 1966లో సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవ సెలవుకు న్యూయార్క్‌లో ఒక్క స్టేషన్‌లో టెలిథాన్ పెడితే, విరాళాలు 10 లక్షల డాలర్లు దాటాయి. తర్వాతి ఏళ్ళలో స్టేషన్లు రెండు వందల దాకా పెరిగాయి. 1973లో వేదిక లాస్ వేగస్‌కు మారింది. ప్రసారం ఇరవై ఒకటిన్నర గంటలు. జబ్బుపడ్డ పిల్లలకు దేశమంతా 'జెర్రీ పిల్లలు' అనే పేరు స్థిరపడింది. 1976లో ఫ్రాంక్ సినాట్రా ఉన్నట్టుండి డీన్ మార్టిన్‌ను వేదిక మీదికి తీసుకొచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట విడిపోయిన జంట లైవ్‌లో కౌగిలించుకుంది. ఏ రచయితా రాయలేని సన్నివేశం, పైగా ఉచితం.

అయితే 'జెర్రీ పిల్లలు' అందరూ పిల్లలుగానే ఉండిపోలేదు. పెరిగారు, చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళ్ళారు. చక్రాల కుర్చీలో ఉన్నవాడంటే జాలిపడాల్సినవాడే అన్న చిత్రణ తమకు ఉద్యోగాలు రాకుండా చేస్తోందని వాళ్ళే అడ్డం తిరిగారు. 1990లో లూయిస్ ఒక పత్రికలో తనకే ఆ జబ్బు ఉన్నట్టు ఊహించుకుంటూ, చక్రాల కుర్చీలో బతుకంటే సగం మనిషిగా బతకడమన్న ధోరణిలో రాశాడు. మరుసటి ఏడాది షికాగోలో మైక్ ఎర్విన్, ఆయన సోదరి 'జెర్రీ అనాథలు' పేరుతో నిరసనకు దిగారు. ఒకప్పుడు అదే సంస్థ ప్రచారంలో కనిపించిన పిల్లలు వాళ్ళు. వాళ్ళ వాదనలో న్యాయముంది. అలాగని ఆ డబ్బుతో నడిచిన క్లినిక్‌లనూ పరిశోధననూ కాదనడానికి లేదు. జాలి లేకుండా ఫోన్లు మోగవు, జాలి ఉంటే గౌరవం మిగలదు. సంస్థ ఈ చిక్కుముడి జోలికి పోకుండానే ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

2011 మేలో, ఆ ఏడాది కార్యక్రమమే వ్యాఖ్యాతగా లూయిస్‌కు ఆఖరిదన్న ప్రకటన వచ్చింది. అప్పటికి ఆయనకు 85 ఏళ్ళు. ఏటా చివర్లో పాడే పాటను మరొక్కసారి పాడి సెలవు తీసుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆగస్టు 3న సంస్థ ఇంకో ప్రకటన ఇచ్చింది: వ్యాఖ్యాతగా ఆయన పాత్ర ముగిసింది, ఈ ఏడాది కార్యక్రమంలో కనిపించరు, జాతీయ ఛైర్మన్‌గానూ ఉండరు. ఎందుకని అడిగినవాళ్ళకు సరైన జవాబు దొరకలేదు. ఆయన కుర్చీలోకి నలుగురు వ్యాఖ్యాతలు వచ్చారు, ప్రసారం ఆరు గంటలకు కుదిరింది. విరాళాలు మాత్రం 6.15 కోట్ల డాలర్లు. ఆయన నడిపిన కిందటేటి మొత్తం 5.89 కోట్లే! లెక్క చూస్తే సంస్థే గెలిచినట్టు. కానీ మరుసటి ఏడాది మూడు గంటలు, ఆపైన రెండు గంటలు. 2015 మేలో టెలిథాన్‌నే ఆపేస్తున్నామన్నారు. బకెట్‌తో ఐసు నీళ్ళు నెత్తిన పోసుకునే వీడియోలు ఫోన్లలో తిరిగి అంతకు ముందు ఏడాదే కోట్ల డాలర్లు తెచ్చిపెట్టాయి. ఇరవై గంటలు మేలుకునేవాడితో ఇక పనేముంది?

సరిగ్గా అమెరికాలో టెలిథాన్ కొడిగడుతున్న రోజుల్లోనే తెలుగులో అది వెలిగింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. నవంబర్ 30న తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్‌లో 'మేము సైతం' పేరుతో పన్నెండు గంటల టెలిథాన్ జరిపింది. 11 కోట్ల రూపాయలకు పైగా పోగయ్యాయి. ఇందులో జెర్రీ లూయిస్ లాంటివాడు ఎవరూ లేరు. హీరోలు, హీరోయిన్లు, హాస్యనటులు వంతులవారీగా వచ్చిపోయారు. ఒక్కనాటి పండగ కనుక ఎవరినీ సాగనంపే అవసరమూ పడలేదు.

తర్వాత అదే పేరుతో జెమినీ టీవీలో మంచు లక్ష్మి వ్యాఖ్యాతగా వారం వారం కార్యక్రమం వచ్చింది. తారలు కూలి పని చేసి, ఆ సంపాదన కష్టాల్లో ఉన్న కుటుంబానికి ఇవ్వడం దాని పద్ధతి. సమంత చెన్నై జామ్ బజార్‌లో కూరగాయలమ్మింది, రానా మూటలు మోశాడు. టెలిథాన్ కన్నా ఇది పాత జోలెకే దగ్గర చుట్టం. సాయం అందుకునే కుటుంబం కెమెరా ముందు కన్నీళ్ళతో తన కథ చెప్పుకోవాల్సి రావడం చూస్తే మాత్రం షికాగో నిరసనకారులే గుర్తొస్తారు.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్ తూర్పు వైపున కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగి, దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న కోదండరామ్‌నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఈసారి స్టూడియో లేదు, ఫోన్ల వరస లేదు. చిరంజీవి, మహేశ్‌బాబు చెరో కోటి, నాగార్జున, జూనియర్ ఎన్టీఆర్ చెరో యాభై లక్షలు ముఖ్యమంత్రి సహాయ నిధికి ప్రకటించారు, అదీ ట్విటర్‌లో. కోవిడ్ రోజులు కనుక జనాన్ని పోగుచేసే వీలూ లేదు. కానీ తేడా ఒకటుంది. జోలె పట్టినవాడు జనాన్ని అడుగుతాడు, ట్వీటు పెట్టినవాడు తాను ఇచ్చింది చెబుతాడు. రెండో పద్ధతిలో మామూలు మనిషి వేసే పది రూపాయలకు చోటు లేదు.

జెర్రీ లూయిస్ 2017 ఆగస్టులో లాస్ వేగస్‌లో కన్నుమూశాడు. అంతకు ముందు ఏడాది సంస్థ కోసం ఒక వీడియోలో మాట్లాడాడు కూడా. ఒక్క మనిషి పేరుతో ముడిపడితే ఎంత తంటానో తెలిసిన ఆ సంస్థ, 2020 అక్టోబర్ 24న ఇంటర్నెట్‌లో టెలిథాన్‌ను మళ్ళీ మొదలుపెట్టింది. హాస్యనటుడు కెవిన్ హార్ట్ నడిపిన ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు: ఎండీఏ కెవిన్ హార్ట్ కిడ్స్ టెలిథాన్.