కీబోర్డు ఫోకస్, తెలుగు టైపింగ్: చరిత్ర

తెరమీద ఎన్ని విండోలు తెరిచి ఉన్నా, నొక్కిన మీట ఒక్కచోటికే చేరుతుంది. ఆ చోటును ఫోకస్ అంటారు. ఆపరేటర్లు మాత్రం "కర్సర్ ఎక్కడుంది?" అనే అడుగుతారు. తెలుగు టైపు చేసేవారికి ఇంకో ప్రశ్న తోడవుతుంది: ఆ చోట ఇప్పుడు ఏ భాష కీబోర్డు పనిచేస్తోంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గ్రామ సచివాలయాల నుంచి డీటీపీ షాపుల దాకా తెలుగులోనూ ఇంగ్లిషులోనూ టైపు చేసే ప్రతిచోటా ఇది రోజూ ఎదురయ్యేదే.

"శ్రీకాకుళం" అన్న పేరే తీసుకుందాం. భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న: మొత్తం పది నొక్కులు. చేత్తో రాసేటప్పుడు "శీ" రాశాక క్రావడి చుడతాం. కీబోర్డులో క్రావడి ముందు, గుడిదీర్ఘం తర్వాత. తెరమీద కనిపించేవి నాలుగే అక్షరాలు. విండోస్‌లో సాధారణంగా బాణం మీట ఆ పేరును నాలుగు అడుగుల్లో దాటుతుంది, బ్యాక్‌స్పేస్‌తో చెరపాలంటే పదిసార్లు నొక్కాలి, డిలీట్ మాత్రం అక్షరాన్ని ఒత్తుతో, గుణింతంతో సహా తీసేస్తుంది. ఫోకస్ ఇంగ్లిషు కీబోర్డున్న విండోకు జారితే అవే పది నొక్కులు అర్థంలేని రోమన్ అక్షరాలవుతాయి.

విండోలు, మౌసుతో పనిచేసే పద్ధతి జిరాక్స్ సంస్థ 1973 నాటి ఆల్టో యంత్రం మీద రూపుకట్టింది. 1987లో ఐబీఎం ప్రకటించిన నియమావళి మీటల వాడకాన్ని అన్ని ప్రోగ్రాముల్లో ఒకేలా ఉంచాలని చూసింది. ఇన్‌స్క్రిప్ట్ అమరిక 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ చొరవతో వచ్చి, భారతీయ లిపుల కోడ్‌కు చెందిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో చేరింది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి ప్రభుత్వ సంస్థ సీడాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డు డాస్ ప్రోగ్రాముల్లో తెలుగు చూపించింది. డాస్‌లో ఒకసారి ఒకే ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి ఏ విండోలో ఏ భాష అన్న తగువే రాలేదు.

విండోస్ వచ్చాక తగువు మొదలైంది. మొదట్లో శుభలేఖలు, కరపత్రాలు వేసే షాపులు యూనికోడ్ కాని అను ఫాంట్లతో సరిపెట్టుకున్నాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అదే పాఠం చదవరాకుండా పోయేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ, ఫాంటు మారినా పాఠం చెడని యూనికోడ్ తెలుగును గౌతమి ఫాంటుతో అందించింది. కానీ కీబోర్డు భాష ఒక్కో ప్రోగ్రాముకు విడివిడిగా ఉండేది. ఒకచోట తెలుగు పెట్టుకుని మరో ప్రోగ్రాము తెరిస్తే అక్కడ మళ్లీ ఇంగ్లిషే. ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కడం ఆపరేటర్ల వేళ్లకు అలవాటైపోయింది. 2012లో విండోస్ 8 భాషను అన్ని విండోలకూ ఉమ్మడి చేసింది. పాత పద్ధతి కావాలంటే సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. నా దృష్టిలో ఇది ఆలస్యంగా వచ్చిన మంచి మార్పు.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోనివారికి రోమన్ లిపిలో రాసే దారి దొరికింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతి దీనికి పునాది. "లేఖిని" దాన్ని బ్రౌజర్‌లోకి తెచ్చింది: దాని గడిలో టైపు చేసి, కావలసిన చోటికి కాపీ చేసుకోవడమే. విండోస్ 10లో ఫొనెటిక్ తెలుగు కీబోర్డు 2019లో వచ్చింది. ఇలాంటి కీబోర్డుల్లో పదం పూర్తయ్యేదాకా ఎంటర్, ట్యాబ్ మీటలు ముందు వాటికే దక్కాలి. ప్రోగ్రాము తొందరపడి వాటిని లాక్కుంటే సగం పేరుతోనే దరఖాస్తు వెళ్లిపోతుంది.

ఉత్తరాంధ్ర కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే సవర భాష కథ వేరు. వాడుక భాషా ఉద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి (1863–1940) పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేశారు. 1936లో మంగేయి గొమాంగో సవరకు రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది, విండోస్‌లో దానికి కీబోర్డు కూడా ఉంది. అయితే ఆంధ్రలో సవర పిల్లల పాఠాలు తెలుగు లిపిలో అచ్చయ్యాయి. అందువల్ల సీతంపేట కొండల్లో సవర టైపు చేయడానికి ఇప్పటికీ తెలుగు కీబోర్డే ఎక్కువ అక్కరకు వస్తుంది.

మళ్లీ ఫోకస్ విషయానికొస్తే, ఏ గడిలోకి అది వస్తే ఏ భాష ఉండాలో ప్రోగ్రామరే ముందుగా చెప్పే వీలు విండోస్ ప్రోగ్రాములు రాసేందుకు వాడే మైక్రోసాఫ్ట్ డబ్ల్యూపీఎఫ్‌లో 2006 నుంచీ ఉంది. ఉత్తరాంధ్ర కార్యాలయాలకు సాఫ్ట్‌వేర్ రాసేవారు తెలుగు పేరు గడికి తెలుగును తామే అమర్చి, "ఇచ్ఛాపురం", "శ్రీముఖలింగం" వంటి ఊరి పేర్లు స్వయంగా టైపు చేసి చూశాకే దాన్ని ఆపరేటర్ చేతికివ్వాలి.