ట్యాంకు పుట్టిల్లు ఏది?

వనపర్తి పల్లెల్లో ‘ట్యాంకు నిండింది’ అంటే స్తంభాల మీది మంచినీళ్ల ట్యాంకే. వాన నీళ్లు నిలిచి అలుగు పారేది చెరువు. నీటిపారుదల శాఖ ఇంగ్లిషు కాగితాల్లో మాత్రం ఆ చెరువూ ట్యాంకే.

ఈ మాట పుట్టుక మీద ఆధారాలు రెండు వైపులకు లాగుతాయి. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే దీన్ని చిక్కుమాటల్లో చేర్చింది. గుజరాతీ, మరాఠీల్లో నీటి తొట్టిని చెప్పే ‘టాంకూ’, ‘టాంకే’ మూలమని ఒక వాదం. నీటిని అడ్డగించడమనే అర్థమున్న పోర్చుగీసు క్రియ నుంచి వచ్చిన ‘తాంకె’ మూలమని ఇంకొకటి. 1498లో వాస్కో డ గామా వెంట కాలికట్‌లో దిగినవారొకరు రాసుకున్న దినచర్యలో, రాతితో కట్టిన కోనేటిని చెప్పడానికి ఈ పోర్చుగీసు మాటే కనిపిస్తుంది. దిగీ దిగగానే గుజరాతీ మాట నేర్చుకుని ఉంటారనుకోవడం కష్టం. కాబట్టి అది వాళ్లు వెంట తెచ్చుకున్న మాటేనన్న వాదం వైపే నేను మొగ్గుతాను. అయితే పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిషువాళ్లు సూరత్‌లో స్థిరపడ్డాక గుజరాతీ మాట కూడా వాళ్ల చెవిన పడింది. ఇంగ్లిషులో రెండూ కలిసిపోయి ఉండవచ్చు. మన ‘తటాకం’తో చుట్టరికం కలపాలని మనకు ఆశ పుడుతుంది గానీ, పోలిక ఒక్కటే రుజువు కాదు.

యుద్ధ ట్యాంకుది వేరే కథ. 1915లో ఇంగ్లండులోని లింకన్‌లో తయారవుతున్న యంత్రం గుట్టు బయటపడకుండా దానికి నీటి ట్యాంకు పేరు పెట్టారు. 1916 సెప్టెంబరు 15న సొమ్ యుద్ధంలో అది రంగంలోకి దిగింది.

మన దగ్గర ఈ ఇంగ్లిషు మాట కుంటను, చెరువును, కోనేటిని ఒకే గాటన కట్టింది. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్న నీరు రంగసముద్రం. సింగోటంలో ఉన్నది శ్రీవారి సముద్రం. నాగర్‌కర్నూల్ పట్టణంలో కేసరి సముద్రం. కట్టించినవాళ్లు వీటిని సముద్రాలన్నారు. రంగసముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో భాగం, కాగితాల్లో రిజర్వాయర్. నీళ్లు, గట్టు, గుడి అక్కడే ఉన్నాయి, శాఖ పెట్టిన పేరు మాత్రం మారింది. పాత ఇంగ్లిషు రికార్డులో ‘ట్యాంకు’ అని కనబడితే, అది కుంటా, చెరువా, కోనేరా అన్నది ఊరివాళ్లను అడిగి, శిఖం భూమి హద్దులు చూశాకే తేల్చాలి. గద్వాల వైపు నెట్టెంపాడు పథకం కింద కట్టిన ర్యాలంపాడు, గుడ్డెందొడ్డిలకు ఈ చిక్కు లేదు. అవి మొదటి నుంచీ రిజర్వాయర్లే.