నంద్యాల ప్రాంతంలో మరణాల రేటు: చరిత్ర

ఏడాదిలో వెయ్యిమంది జనాభాకు ఎందరు చనిపోతారో చెప్పేదే మరణాల రేటు. నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ లోయలో ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రాంతాలకూ కోస్తా డెల్టాకూ మధ్య 19వ శతాబ్దంలో ఈ రేటులో వచ్చిన తేడాకు ప్రధాన కారణం సాగునీరు. నేడు చావులకు కారణమవుతున్న జబ్బుల వెనుక తిండి, పొగాకు, శారీరక శ్రమ వంటి జీవనశైలి అంశాల పాత్ర పెరిగింది.

నేపథ్యం

బనగానపల్లె దగ్గరి యాగంటి ఉమామహేశ్వరాలయం కోనేటిలోకి నంది నోటి నుంచి ఏడాది పొడవునా ఊటనీరు పడుతుంది. కొండ దిగితే మాత్రం నల్లరేగడిలోని జొన్నకూ కొర్రకూ వానే దిక్కు. ధవళేశ్వరం (1852), విజయవాడ (1855) ఆనకట్టలతో డెల్టాలకు కాలువ నీరు అందింది. సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడపకు వెళ్లే కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించినా, మెట్ట సేద్యానికి అలవాటుపడిన రైతులు మొదట్లో దాని నీటిని పెద్దగా వాడుకోలేదు. ప్రభుత్వం 1882లో ఆ కాలువను కొనుగోలు చేసింది.

ధాత కరువు

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నదానం చేసి పేరు పొందాడు. ధాత నామ సంవత్సరంలో (1876) వానలు ఎగ్గొట్టడంతో మొదలైన కరువు అంతకన్నా తీవ్రమైనది. 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ సూచన మేరకు కరువు పనుల కూలీని రోజుకు పౌను (సుమారు 450 గ్రాముల) ధాన్యం స్థాయికి తగ్గించారు. అది ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. తిండి లేక చిక్కిపోయిన జనాన్ని కలరా కబళించింది. తిరిగి వానలు పడ్డాక మలేరియా విజృంభించింది. నంద్యాల అప్పట్లో ఉన్న కర్నూలు జిల్లా జనాభా 1871లో సుమారు 9.14 లక్షలు, 1881 నాటికి 6.79 లక్షలకు పడిపోయింది. ఈ తగ్గుదలలో చావులతోపాటు వలసలు, తగ్గిన కాన్పులు కూడా ఉన్నాయి. కాలువలున్న డెల్టా ఈ గండం నుంచి చాలావరకు గట్టెక్కింది.

అంటువ్యాధుల నుంచి జీవనశైలి జబ్బులకు

కరువు కోడ్‌లు (కరువు సహాయ నిబంధనలు), టీకాలు, 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మరణాలను తగ్గించాయి. దేశంలో 1911-21 దశకంలో వెయ్యికి 47 దాకా ఉన్న రేటు 2020లో 6కు చేరింది. తిండి అలవాట్లూ మారాయి: 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో జొన్నరొట్టె, కొర్రన్నం తినే ఇళ్లలో వరి అన్నం వాడకం పెరిగింది.

చావుల తీరు ఎంత మారిందో 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన అధ్యయనం చూపింది. అక్కడ నమోదైన 1,354 మరణాల్లో 32 శాతానికి గుండెజబ్బులు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యాధులే కారణం. అంటువ్యాధుల వాటా 12 శాతమే. అధిక రక్తపోటు, పొగాకు, ఉప్పు, మధుమేహం ఈ జబ్బులకు దారితీస్తాయి. సాగునీటి కాలువ ఆకలిచావులను ఆపగలిగింది కానీ, ఈ జబ్బులను ఆపడం దాని పని కాదు.

పోలికలో జాగ్రత్త

పనికోసం యువత వలసపోయిన ఊళ్లో వృద్ధుల పాలు పెరిగి, ముడి మరణాల రేటు ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ప్రాంతాల ఆరోగ్యాన్ని పోల్చేటప్పుడు వయసుల తేడాను సవరించిన రేట్లనే వాడతారు.